గుర్రం చరిత్ర అడిగే ప్రెసిడెంటుగారు

రాజమండ్రి శివార్లలో మా అమ్మాయి గుర్రపుస్వారీ నేర్చుకున్న క్లబ్బుకు ఆయన ప్రెసిడెంటు. కొత్త గుర్రం వస్తే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "దీని చరిత్ర ఏంటండి?" అని అడిగేవారు. పాత యజమానులందరికీ ఫోన్లు చేసేవారు. ఒక తెల్లగుర్రం ఎప్పుడో తణుకులో ఎవరినో తన్నిందని తెలిసి, దాన్ని లారీలోంచి దింపనివ్వలేదు.

"పిల్లలెక్కేదండీ!" అన్నారు.

అంత జాగ్రత్తగల మనిషి దొరికినందుకు సత్యనారాయణస్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత కొత్త కోచ్ వచ్చాడు. ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తించాడని పాత క్లబ్బువాళ్లు అతణ్ణి పంపేశారని ఒక తల్లి చెప్పింది. వెళ్లి ప్రెసిడెంటుగారిని అడిగాను.

"తెలుసండి," అన్నారు చల్లగా. "కానీ మెడల్సు తెచ్చే మనిషి. రోజూ పూజ చేసుకునేవారు మీరు, మీరే క్షమించకపోతే ఎలాగమ్మా?"

"మరి ఆ తెల్లగుర్రాన్ని మీరెందుకు క్షమించలేదండి?"

కళ్లజోడు ముక్కు మీదికి దిగింది. "గుర్రం వేరు, మనిషి వేరమ్మా."

"అవునండి. గుర్రానికి మీలాంటి పెద్దల అండ లేదు."

మా అమ్మాయి ఎంత ఏడ్చినా ఆ రోజే మాన్పించాను. మిగతా తల్లులూ మాన్పించేసరికి, ప్రెసిడెంటుగారు కోచ్‌కు శాలువా కప్పి, సన్మానం చేసి మరీ సాగనంపారు.

అతను కాకినాడలో ఇంకో క్లబ్బులో చేరాడని తెలిసి, ఆ క్లబ్బుకు నేనే ఫోన్ చేశాను.

"మీ కోచ్ చరిత్ర ఏంటో కనుక్కున్నారా అండి?"

ఈ ప్రశ్న నేర్పిన ప్రెసిడెంటుగారి పేరు మీద, పూజలో రోజూ ఒక పువ్వు ఎక్కువ వేస్తున్నాను.