బోల్టుల మరలు తీసేసిన ఎలివేటర్

రిటైరు కావడానికి మూడేళ్ల ముందు నన్ను ఎర్రగుంట్లలో ఇనప ప్లేట్లు కోసి యంత్రాలు కట్టే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు ఫోర్‌మన్‌గా వేశారు. ఫోర్‌మన్ అంటే ఫిట్టర్లకూ వెల్డర్లకూ పైన, ఇంజనీరుకు కింద. డ్రాయింగు మీద నా సంతకం పడితేగానీ ప్లేటు కోయరు.

సంతకం చేయడమే నేను నలభై దాటాక నేర్చుకున్నాను. తెలుగు కూడబలుక్కుని చదివేవాణ్ణి, డ్రాయింగు పక్కనుండే ఇంగ్లీషు పట్టికలంటే పడేది కాదు. బొమ్మ చూసే పని చేయించేవాణ్ణి. బోల్టు చుట్టూ తిరిగే మరలు గీయకుంటే సంతకం పెట్టనని, కంప్యూటర్‌లో బొమ్మలు గీసే డిజైనర్ షాహీనాకు మొదటి వారమే చెప్పాను. ఆమె ప్రతి బోల్టుకూ గీసింది.

చిన్న పనుల్లో అది చెల్లింది. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీకి బకెట్ ఎలివేటర్ పని వచ్చింది. పొడిని గొలుసుకు కట్టిన తొట్లతో పైకెత్తే నిలువు యంత్రం అది. భాగాలన్నీ కలిపిన అసెంబ్లీ ఫైలు తెరుచుకోవడానికే అరగంట పట్టింది, తెర మీద బొమ్మను తిప్పబోతే బిగుసుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి డ్రాయింగు రాకపోతే పని బయటికిస్తాననీ, ఇక డిజైనర్ అక్కర్లేదనీ ఇంజనీరు అందరి ముందే అన్నాడు.

నేను పోయి షాహీనా పక్కన కూర్చున్నాను.

"ఏమ్మా, కంప్యూటర్ పాతదా?"

"అది బాగానే ఉండాది మేస్త్రీ. మీ మరలే దాన్ని సంపుతాండాయి. వేల బోల్టులు! ఒక్కో మరనూ లెక్కగట్టుకోవల్ల."

"ముందే చెప్పల్ల గదా?"

"చెప్తే వింటిరా? పట్టికలో సైజు రాస్తానంటే కాగితం నా మొగానే కొడితిరి."

పట్టిక చదవడం రాదని అప్పుడు ఒప్పుకున్నాను. ఆమె నవ్వలేదు. "శానా లేదు మేస్త్రీ. 'ఎం' పక్కనుండేది లావు, దాని తర్వాతది పొడుగు. అంతే."

మరలు తీసేయమన్నాను. బోల్టులు నున్నటి కడ్డీలయ్యాయి, సైజులు పట్టికకెక్కాయి. షెడ్డులో మేము బిగించే వరుసలోనే యంత్రాన్ని విడగొట్టించాను: అడుగు భాగం, మధ్య పెట్టెలు, పైనుండే తల. ఒక్కోటీ ఒక చిన్న అసెంబ్లీ. అప్పటికి అక్కర్లేని గొలుసునూ తొట్లనూ ఆమె దాచేసింది. ఫైలును ఆఫీసు సర్వర్ నుంచి తన కంప్యూటర్‌లోకి తెచ్చుకుంది.

మర్నాడు పదిన్నరకు బొమ్మ ఆగకుండా తిరిగింది. తిరిగింది కాబట్టే కనబడింది: తనిఖీ తలుపు తెరిస్తే మెట్ల రైలింగుకు తగులుతోంది. ప్లేటు కోయకముందే దిద్దాం. పట్టిక మీద వేలు పెట్టి వరుసవరుసా చదివి, పన్నెండు లోపల సంతకం పెట్టాను. ఇంజనీరు డ్రాయింగు తీసుకుని, తర్వాతి పని కూడా షాహీనాకే ఇచ్చాడు.

పెద్ద అసెంబ్లీ నెమ్మదిస్తే కొత్త కంప్యూటర్ కొనేముందు, అందులో ఏది ఎవరి కోసం గీశారో అడగాలి. మా ఫైలులో బరువంతా నేను చదవలేనని చెప్పకపోవడం వల్ల వచ్చిందే.