అక్క నమిలిన బిళ్ల గన్నేరు

మా ఇంటి ముందు బిళ్ల గన్నేరు మొక్కలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పీకెయ్యమని పక్కింటి వాళ్లు చెప్పారు, మస్కట్‌లో ఉన్న మా ఆయన ఫోన్లో చెప్పాడు, చివరికి మా అక్క కూడా చెప్పింది. నేను పీకలేదు. తప్పు మొక్కది కాదు.

కోరుట్లలో ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. ఒకసారి మల్లాపూర్‌లో పెళ్లికి పోయి వస్తుంటే ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ గోడ దగ్గర బస్సు ఆగింది. ఆ గోడ పక్కన, మట్టే లేని రాళ్ల సందులో ఈ మొక్క గుబురుగా పెరిగి ఉంది. చుట్టూ గడ్డిని మేకలు నున్నగా మేసేశాయి. దీనికి మాత్రం మూతి కూడా పెట్టలేదు. ఎండ నిప్పులు చెరుగుతుంటే ఒళ్లంతా గులాబీ రంగు పువ్వులే. దిగి ఒక పిలకను వేర్లతో పీక్కొచ్చాను. ఏడాది తిరిగేసరికి గేటు పొడుగునా అవే. తర్వాత తెల్లవి కూడా వేశాను, నడుమ ఎర్రటి బొట్టు ఉండేవి.

మా బిడ్డ డిగ్రీలో బాటనీ చదువుతుంది. ఇది మన మొక్క కాదని, ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న మడగాస్కర్ దీవి నుంచి వచ్చిందని చెప్పింది. ఆ దీవిలో అడవులు నరికేస్తుంటే పుట్టినచోటే దానికి నిలువ నీడ లేకుండా పోతోందట. ఇక్కడేమో మోరీ కాలువ పగుళ్లలో కూడా మొలుస్తుంది. అది విన్నాక నాకు ఆ మొక్క మీద ప్రేమ ఇంకా పెరిగింది.

మా అక్క సిరిసిల్లలో ఉంటుంది. బావ మరమగ్గాల మీద పని చేస్తాడు, ఆమె బీడీలు చేస్తుంది. పోయిన ఎండాకాలం మా ఇంటికి వచ్చినప్పుడు, "నాలుగు మొక్కలియ్యే చెల్లె, ఇంటి ముంగట పెట్టుకుంట" అని అడిగింది. పువ్వుల మీద ఇష్టంతోనే అడిగిందనుకున్నాను. తడిగుడ్డలో చుట్టి సంతోషంగా ఇచ్చాను.

వానలు పడ్డాక మళ్లీ వచ్చింది. మనిషి సగమైంది. చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, బీడీ చుట్టడం కావట్లేదని, పొద్దున లేస్తే వాంతులని చెప్పింది. ఎడమ కాలికి గుడ్డ కట్టి ఉంది.

"కాలికేమైందే?"

"చెప్పు కొరికింది. గదే తక్కువైతది."

గుడ్డ విప్పితే వాసన. బొటనవేలు, పక్క వేలు నల్లబడి ఉన్నాయి. ఆమెకు షుగరు ఉంది.

"గోలీలు ఏసుకుంటున్నవా లేదా?"

తల దించుకుంది. "బంద్ చేసిన. మామ బంద్ చేయుమన్నడు. బిళ్ల గన్నేరు ఆకులు పరిగడుపున నములుమన్నడు. నీ దగ్గర తెచ్చుకున్నయే."

మామ అంటే మా మేనమామ. చాలా ఏళ్లు గల్ఫ్‌లో పని చేసి వచ్చి జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. అమ్మ పోయాక మాకు పెద్దదిక్కు. ఫోన్లో ఏ వీడియో చూసినా దాన్ని పదిమందికి వైద్యంగా చెబుతుంటాడు. ఆయన మాట మా అక్క జవదాటదు.

అప్పటికప్పుడే ఆటో మాట్లాడి జగిత్యాల దవాఖానకు తీసుకుపోయాను. ఆకుల సంగతి విని డాక్టరమ్మ చేతిలో పెన్ను పక్కన పెట్టింది.

"ఈ మొక్క నుంచి రక్త క్యాన్సర్‌కు మందు తీస్తారమ్మా. దాన్ని తూకం వేసి, మనిషిని చూసుకుంటూ నరానికి ఎక్కిస్తాం. ఊరికే ఆకులు నమిలితే ఎంత విషం లోపలికి పోయిందో ఎవరికి తెలుసు?"

గోలీలు మానడంతో షుగరు పెరిగి పుండు కుళ్లిందని ఆ రెండు కాలివేళ్లూ తీసేశారు.

మర్నాడు మధ్యాహ్నం మామ, అత్తమ్మ బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మామ కుర్చీ లాక్కుని కూర్చుని అక్క వైపు చూసి, "నమ్మకంతోని తినాలె బిడ్డా. నీకు నమ్మకం లేకుండె. గందుకే మందు పట్టలే" అన్నాడు.

పెద్దమనిషి కదా అని బత్తాయిలు అందుకుని బల్ల మీద పెట్టాను. ఇంతలో అత్తమ్మ సంచిలోంచి డబ్బా తీసి, "తిని గోలీ ఏసుకో, లేకుంటే మల్ల కండ్లు తిరుగుతయి" అని ఆయన ముందు పెట్టింది. డబ్బా పక్కన గోలీల పట్టీ. దాన్ని నేను గుర్తుపట్టాను. అక్క మానేసిన గోలీలు అవే.

"గదేం గోలీ అత్తమ్మా?"

"మామకు షుగరు గోలీ బిడ్డా. ఎన్నేండ్ల సందో ఏసుకుంటుండు. ఒక్కనాడు తప్పలే."

నేను మామ వైపు తిరిగాను. "మరి నువ్వు ఆకులు నములుతలేవా మామా?"

"నాది వేరే షుగరు. గల్ఫ్‌ల వచ్చింది. గది వేరే."

"నీ షుగరుకు గోలీలు, మా అక్క షుగరుకు మేకలు ముట్టని ఆకులా? గీ వైద్యం నీ కాలు మీద ఎందుకు చూడలే?"

వార్డంతా మా వైపు తిరిగింది. "బాగు కోరి చెప్పిన. పెద్దమనిషిని పట్టుకొని గిట్ల మాట్లాడుతవా?" అంటూ లేచి బయటికి పోయాడు. అత్తమ్మ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడింది. "నాకు తెల్వదు బిడ్డా. తెలిస్తే నేనే మీకు ఫోన్ చేస్తుంటి" అని కళ్లు తుడుచుకుని ఆయన వెనక నడిచింది.

అంతకంటే నన్ను మండించింది మా అక్క. కాలికి కట్టుతో పడుకుని, "మామను గంత మాట ఎందుకన్నవే? పదిమందిల ఇజ్జత్ తీసినవు" అంది. వేళ్లు పోయింది ఆమెవి, ఇజ్జత్ పోయింది ఆయనదట. బయటికి వచ్చి వరండాలో ఏడ్చాను.

అక్క ఇప్పుడు ఇన్సులిన్ తీసుకుంటోంది. చేతి వేళ్ల తిమ్మిరి కొంత తగ్గి, మునుపటిలో సగం బీడీలు చేయగలుగుతోంది. మామ మాత్రం మారలేదు. మొన్న మా చుట్టాల గ్రూపులో కిడ్నీ రాళ్లకు ఏదో రసం తాగమని ఇంకో వీడియో పెట్టాడు. "ముందు నువ్వు తాగి చెప్పు మామా" అని దాని కింద రాశాను. సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. మంచిదే అనుకున్నాను.

నిన్న పొద్దున మిషను ముందు కూర్చుని ఉండగా ఒక పెద్దామె గేటు సందులోంచి చెయ్యి పెట్టి బిళ్ల గన్నేరు ఆకులు తెంపుతూ కనబడింది.

"ఎందుకమ్మా అవి?"

"షుగరుకు బిడ్డా. సారంగాపూర్ల మా ఆడిబిడ్డ తింటుందట."

లేచి గేటు దగ్గరికి పోయి మా అక్క కాలి సంగతి మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని, "గది మీ అక్క రాత" అంటూ కదలబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గుప్పిట విప్పదీసి ఆకులు లాక్కున్నాను. ఆమె నన్ను తిట్టుకుంటూ సందు మలుపు తిరిగింది. తిట్టుకోనీ.