టీచర్ల వంతు

పెద్ద టీచరమ్మ బడి పెట్టింది దేవుడు కలలోకొచ్చి చెప్పాడని కాదు. అంతకుముందు పనిచేసిన బళ్లో ఒక పసిపిల్లకు వాంతయితే, ఆయా వచ్చేదాకా ఆ పిల్లను అందులోనే నిలబెట్టారు. టీచర్లు ముక్కులు మూసుకున్నారే తప్ప ప్రార్థన మాత్రం ఆపలేదు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే ఉద్యోగం వదిలేసి, ఒక దర్జీ కొట్టు వెనక గదిలో సొంత బడి తెరిచింది.

నియమం ఒక్కటే. ప్రభువే శిష్యుల కాళ్లు కడిగితే మనమేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డామా? ఈ బళ్లో మరుగుదొడ్లు టీచర్లే కడగాలి, వంతులవారీగా. మొదటి వంతు తనదే. నచ్చనివాళ్లు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు సణుక్కుంటూనే కడిగారు. అది చూస్తూ పెరిగిన పిల్లలకు ఏ పనీ నామోషీ అనిపించలేదు. ఒక్క ఆవిడ మేనల్లుడికి తప్ప!

ఆ మేనల్లుడే ఇప్పుడు ప్రిన్సిపాల్. బడికి అంతస్తులు లేచాయి. ఆవిడ మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి వంతులు ఎత్తేశాడు.

"పిల్లల తల్లిదండ్రులు నవ్వుతున్నారత్తా. అందుకే కడగడానికి మనిషిని పెట్టాను."

"నవ్వితే నవ్వనీరా! వంతులు పోతే ఆ బడికీ ఈ బడికీ తేడా ఏముందిరా?"

"వార్షికోత్సవంలో చూద్దువుగా, నీ మాటకి ఎంత విలువిస్తున్నానో."

చూసింది. వేదిక మీద ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పళ్లెంలో కాళ్లు పెట్టించి, ఫొటోలవాడు చాలనేదాకా కడిగిన కాళ్లే కడిగాడు. చప్పట్లే చప్పట్లు. వెనక గోడ మీద 'సేవే మా పునాది' అని బంగారు రంగు అక్షరాలు. ఛీ, సిగ్గూ శరమూ ఉండాలి మనిషికి!

జనం భోజనాలకు లేచాక, ఒలికిన నీళ్లు తుడవడానికి గుడ్డ తీసుకుని వచ్చింది ఆ మరుగుదొడ్లు కడిగే మనిషి. పెద్ద టీచరమ్మ ఆ గుడ్డ పట్టుకుంది.

"ఇలా ఇవ్వమ్మా. నా కాళ్లు కడిగిన నీళ్లు నువ్వు తుడవడమేంటి? రేపట్నుంచి ఆ దొడ్లు కూడా మేమే కడుక్కునేలా చేస్తాను, చూడు."

ఆమె గుడ్డ వదల్లేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీకు దణ్ణం పెడతానమ్మగారూ, అంత పని చెయ్యకండి. ఎన్ని ఇళ్లు తిరిగితే దొరికిందో ఈ పని. మీరు మళ్లీ వంతులు పెట్టిస్తారేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాను. మీరు కడుక్కుంటే నా పిల్లలేం తింటారు?"

పెద్ద టీచరమ్మ గుడ్డ వదిలేసింది. ఆ మనిషి కుర్చీ కింద తుడుస్తుంటే, అడ్డం రాకుండా తన తడి కాళ్లు పైకెత్తి పట్టుకుని కూర్చుంది.