సిమ్యులేటర్ టైర్లూ, తాతయ్య పరువూ

మా తాతయ్యకు కారు నడపడం రాదు. నలభై ఏళ్లు టైర్ల దుకాణం నడిపాడు, అంతే. వచ్చిన ప్రతి బండి ముందూ గొంతుక్కూర్చుని, టైరు గాడిలో అగ్గిపుల్ల గుచ్చి లోతు చూసేవాడు. పుల్ల తల మునగలేదా, ఆ యజమానికి మూడినట్టే.

"గుండు టైర్లతో తిరుగుతున్నావు, ఇంట్లో చెప్పే వచ్చావా నాయనా?"

దుకాణం మూసేశాక ఆయన అమ్మమ్మ వంటను తనిఖీ చెయ్యడం మొదలుపెట్టాడు. అందుకే మా ఊళ్లో సిమ్యులేటర్లు తయారుచేసే షెడ్డు నుంచి ఇంజినీరమ్మ సాయమడగడానికి వస్తే, ఆయనకంటే అమ్మమ్మే ఎక్కువ సంతోషించింది.

డ్రైవింగ్ నేర్పే యంత్రమది. లోపల సీటూ, స్టీరింగూ, ఎదురుగా తెర మీద రోడ్డూ. ఒకచోట బిగించి ఉండదు. కింద నాలుగు చక్రాలతో, హాల్లో నున్నటి నేల మీద అటూ ఇటూ పరుగెత్తి, లోపలివాళ్లకు నిజం కారులో ఉన్నట్టే అనిపించాలి. ఉన్న టైర్లేమో జారుతున్నాయి.

"శుక్రవారం డ్రైవింగ్ స్కూలు వాళ్లు చూడ్డానికొస్తారు తాతగారూ. అప్పటికి కుదిరితే మీకిక్కడ ఉద్యోగం ఖాయం. కుదరకపోతే..."

"కుదరకపోవడమేంటమ్మా! నన్నెవరనుకున్నావు?"

అగ్గిపుల్ల మొత్తం మునిగే టైర్లు ఏరి తెచ్చాడు. బురదలోంచి లారీని లాగే రకం. పరీక్షకు అమ్మమ్మను కూర్చోబెట్టారు. మా ఇంట్లో లైసెన్సు ఉన్నది ఆవిడకే.

యంత్రం కదిలిందో లేదో, హాలంతా తుమ్మెదల మోత. అమ్మమ్మ దవడ పట్టుకుని దిగింది.

"తెర మీద నున్నటి రోడ్డు చూపించి కంకర మీద తిప్పుతావేంటయ్యా? కట్టుడుపళ్లు ఊడొచ్చాయి!"

తాతయ్య గాలి తగ్గించాడు. యంత్రం పడవలా ఊగింది. పెంచాడు. కంకర మళ్లీ వచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఆయన బోర్లా పడుకుని, నేలకు చెవి ఆనించి, యంత్రాన్ని నెమ్మదిగా తోయమన్నాడు. తట్, తట్, తట్. గాడుల మధ్యనున్న రబ్బరు దిమ్మలు ఒక్కొక్కటే నేలను కొడుతున్నాయి. ఇక్కడ నీళ్లు లేవు, బురద లేదు, గాడులతో పనే లేదు. తాతయ్య ముఖం మాడిపోయింది.

"తలుపు మూసిరా," అన్నాడు నాతో.

కత్తి తీసుకుని గాడులు లేకుండా దిమ్మలన్నీ చెక్కెయ్యడం మొదలుపెట్టాడు. సొంత మీసం గీసుకుంటున్నంత బాధ ఆ ముఖంలో.

"ఏంటి తాతయ్యా, గుండు చేస్తున్నావా?"

"నోర్ముయ్. ఎవరికైనా చెప్పావో, తోలు తీస్తా."

నేనెవరికీ చెప్పలేదు. రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున అమ్మమ్మ మళ్లీ ఎక్కింది. యంత్రం పిల్లిలా, చప్పుడు లేకుండా హాలు చుట్టేసింది. స్కూలు వాళ్లొచ్చి వరుసగా నిలబడ్డారు. ఆవిడ దిగదే!

"ఎలా ఉందే?" తాతయ్య దగ్గరికెళ్లి అడిగాడు.

"మాట్లాడించకయ్యా! ముందు లారీ ఉంది, దారివ్వడంలేదు. హారనెక్కడ?"

స్కూలు పెద్దాయన గడియారం చూసుకుని కుర్చీ లాక్కున్నాడు. "ఆవిడ ఊరు చేరాకే మా వంతు పెట్టండి," అన్నాడు.

ఇంజినీరమ్మ నవ్వాపుకుంటూ షెడ్డు తాళంచెవి తాతయ్య జేబులో వేసింది.