చట్టిలో వదిలిన గరిటె

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి... నాకేం పోయింది? సముద్రం మీద ఎన్నో రాత్రులు గడిపినవాణ్ణి. గాలి చప్పుడేదో, పిల్లి చప్పుడేదో నాకు తెలుసు. ఇది మా ఇంట్లోనే జరిగింది.

అప్పటికి మా ఆవిడ కాంతమ్మ పోయి నెలయింది. నిండు జీవితం ఆమెది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అల్లూరు వీధులన్నీ తిరిగింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది, నన్నూ పెంచింది. మనవరాళ్ల పెళ్లిళ్లు చూసి నిద్రలోనే వెళ్లిపోయింది. నాకు ఏ లోటూ లేదు... ఒక్కటి తప్ప. అన్నేళ్లలో ఆమెకు నేను ఒక్క పూటైనా వండిపెట్టలేదు.

అందుకే నెల దినానికి ఆమె పటం ముందు పెట్టే చేపల పులుసు నేనే చేస్తానన్నాను. మా వైపు ముందురోజు సాయంత్రమే చేసి ఉంచుతారు. మర్నాటికి రుచి పడుతుంది.

"గరిటె పెట్టబాక నాయనా, ముక్క ఇరిగిపోద్ది. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పాల. అమ్మ అట్నే చేసేది," అంది మా పెద్దమ్మాయి రమణమ్మ.

"నాకు తెలీదా? పోయి పడుకో," అని కసిరాను.

తెలుసు. అయినా పాడు చెయ్యి ఊరుకోలేదు. గరిటె పెట్టాను... రెండు ముక్కలు చిట్లాయి. పొయ్యి ఆపేసి, గరిటె అందులోనే వదిలేసి పడుకున్నాను. ఆమెకు మొదటిసారి పెట్టే కూడు కూడా చెడగొట్టానే అని ఏడుపొచ్చింది.

ఎప్పుడో మెలకువ వచ్చింది. కరెంటు లేదు. వంటింట్లో... గర్ర్. ఆగింది. మళ్లీ... గర్ర్. ఇనుప పొయ్యి మీద మట్టి చట్టి తిరిగే చప్పుడు. నెమ్మదిగా... ఆ వెనకే గాజుల మోత. ఆమె చివర్లో చల్లే మెంతిపొడి వాసన. లేచి చూడొచ్చు. లేవలేదు. చూస్తే ఆగిపోతుందేమో... అదీ నా భయం. వింటూనే నిద్రపోయాను. ఆమె పోయాక అంత హాయిగా పడుకున్నది ఆ రాత్రే.

తెల్లారి చూస్తే గరిటె కడిగి, కిటికీ ఊచకు తగిలించి ఉంది. కాంతమ్మ తగిలించే చోటే.

"రాత్రి లేచినావామ్మా?"

"లేదు నాయనా. నువ్వే కడిగినావనుకున్నా."

పులుసులో చిట్లిన ముక్కలు చిట్లినట్టే ఉన్నాయి. ఉప్పు ఎక్కువైంది, అది నా వంటే. మిగతా ముక్కల్లో ఒక్కటీ విరగలేదు.

రమణమ్మే లేచి, నా కోసం అబద్ధమాడిందేమో. నిద్రమత్తులో నేనే కడిగానేమో... తెలియదు. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం పులుసు నేనే చేస్తున్నాను. గరిటె చట్టిలోనే వదిలి పడుకుంటున్నాను. తెల్లారేదాకా అది అక్కడే ఉంటోంది... అయినా వదులుతున్నాను.