మా కిటికీ మీద వాలిన తెల్ల గుడ్లగూబ

కోల్‌కతా తెలుగు సోదర సోదరీమణులారా, ముందుగా మీ అందరి పాదాలకు నా క్షమాపణలు. ఆదివారం పూట మీరంతా బిర్యానీ ఫొటోలు పెట్టుకుంటుంటే, నేను గుడ్లగూబ గురించి రాస్తున్నాను. ఇది ఘోర అపరాధమే. కానీ వారమంతా ఆఫీసులో అరిగిపోయాక నాకు గుర్తొచ్చేవి ఇలాంటివే... ఏం చేయను?

మా చిన్నప్పుడు... ఈ ఊళ్ళోనే మెటియాబ్రుజ్‌లో, కింద దర్జీ మిషన్లు టకటకలాడే ఇంట్లో, పైన రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. ఓ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, కిటికీ పైనున్న సిమెంటు చూరు మీద తెల్లటి గుడ్లగూబ వచ్చి వాలింది. బియ్యప్పిండి పూసుకున్నట్టు మొహం... రెప్ప వెయ్యని చూపు...

మా నాన్నమ్మ చేతిలో చేట కిందపడింది.

"ఓలమ్మో! ఇల్లు పాడైపోనాదర్రా! బేగి మూటలు కట్టండి!"

గుడ్లగూబ వాలిన ఇంట్లో కాపురం ఉండకూడదని నాన్నమ్మ శాస్త్రం. పోనీ, తోలేద్దామని నేను రాయి తీస్తే ఆ చేతి మీదే ఒక్కటేసింది.

"రాయేస్తావేటిరా గుంటడా? ఆ రాయి అట్టుకెళ్ళి ఏట్లో పడేస్తాది. అదెంత అరిగితే నువ్వంత అరుగుతావు!"

అంటే పిట్ట వెళ్ళదు, మేమే వెళ్ళాలి. ఎక్కడికి? నాన్న పని ఇక్కడ ఓడరేవు డాకులో. ఆ జీతానికి మళ్ళీ రెండు గదులు దొరకడం కల్ల. అమ్మా, నాన్నమ్మా, నేనూ శ్రీకాకుళం రైలెక్కాలి, నాన్న ఒక్కడే మెస్సులో పడుండాలి. అమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ నాన్న వైపు చూసింది.

రెండు షిఫ్టులు చేసొచ్చిన నాన్న, చొక్కా కూడా విప్పకుండా గోడకి జారగిలబడ్డాడు.

"దెయ్యమో, దేవతో... దాన్ని కూకోనియ్యే అమ్మా. నన్నూ కూసేపు కూకోనియ్యి."

ఈ గోలకి కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ, మేం మాషీమా అని పిలిచే బెంగాలీ ముసలమ్మ, మెట్లెక్కి వచ్చింది. కిటికీ వైపు చూసి రెండు చేతులూ జోడించింది.

"ఓ మా! లొక్ఖీ పేంచా!"

తెల్ల గుడ్లగూబంటే వాళ్ళకి సాక్షాత్తూ లక్ష్మీదేవి వాహనమట! మాషీమా శంఖం తెచ్చి ఊదింది, నోట్లో నాలుక ఆడిస్తూ ఉలూలూ అని మంగళధ్వని చేసింది. పిట్ట మాత్రం కదల్లేదు. మేం ఖాళీ చేస్తున్నామని తెలిసి మాషీమా మొహం వెలిగిపోయింది. వెళ్ళండి బాబూ, నిక్షేపంగా వెళ్ళండి, ఈ గది నా పూజకి ఉంచుకుంటా అంది.

నాన్న ఆ మాట తెలుగులో చెప్పాడు. నాన్నమ్మ కాసేపు కిటికీ వైపు, కాసేపు మాషీమా వైపు చూసింది. తర్వాత కట్టిన మూట మీదే చతికిలబడింది.

"ఏటీ? మనింటి మీద వాలిన నచ్చిమి, ఆవిడి పూజకా? నానొల్లను! ఒలే కోడలా, ఆ మూటలిప్పీ!"

అమ్మ మూటలు విప్పుతూ మొహం పక్కకి తిప్పుకుని నవ్వడం నాకు కనిపించింది. నాన్న అప్పటికే గోడకి ఆనుకుని నిద్రపోయాడు.

ఇప్పుడు న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తు. కిటికీలన్నిటికీ వల. దోషానికైనా, లక్ష్మికైనా వాలడానికి జానెడు చోటు లేదు... భయపడే ఓపిక మాకూ లేదు. మీ ఇళ్ళలో ఏ పిట్టకి ఎవరు హడలిపోయేవారో రాయండి. క్యాబ్‌లో చదువుకుంటాను.

ఇంత కథలో రాయి తీసి దెబ్బ తినడం తప్ప నేను చేసిందేమీ లేదు. నేను నిజంగా చేసిన పని ఒక్కటే. మొన్న సాయంత్రం ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి, ఫోన్‌లో గుడ్లగూబ అరుపు వెతికి, కిటికీ దగ్గర గట్టిగా వినిపించాను. పిట్టేదీ రాలేదు. కానీ పై అంతస్తులో ఎవరో పెద్దావిడ "రామ రామ" అంటూ ధడాల్న కిటికీ మూసుకుంది... ఎంత హాయిగా అనిపించిందో!