విత్తనానికి ఉంచిన పెట్ట

మొన్న బూర్గంపాడు సంతలో, తలమీద ఈకల కుచ్చున్న కోడిపెట్టను చూసి ఆగిపోయాను. "కూరకా, విత్తనానికా?" అని అడిగింది అమ్మే ఆమె. ఆ ఒక్క మాటకు నేను ఆరేళ్ళ పిల్లనైపోయాను.

పినపాక దగ్గర మా నానమ్మ పెరట్లో అన్నీ జుట్టుకోళ్ళే. ఏటా ఆమె ఒక్కో పెట్టను ఒళ్ళో పెట్టుకుని, తలమీది కుచ్చును వేళ్ళతో విప్పి చూసి, నిండుగా ఉన్నదాన్ని ఎంచేది. ఆ ఏడు, నేను చిట్టి అని పిలుచుకునే నా ముద్దుల పెట్టను పట్టుకుని "దీన్ని విత్తనానికి ఉంచాలె" అంది.

విత్తనానికి ఉంచిన చిక్కుడు గింజలను ఆమె ముందురోజే మట్టిలో పూడ్చింది. చిట్టినీ అలాగే పూడ్చేస్తుందనుకున్నాను. కుచ్చు లేకపోతే దాన్ని ఎంచదని, కత్తెర తెచ్చి, ఏడుస్తూనే దాని కుచ్చంతా కత్తిరించేశాను.

"గిదేంది బిడ్డా, గిట్ల చేసినవ్?" అంది నానమ్మ.

"దాన్ని మట్టిల పెట్టకు నానమ్మా!"

ఆమె నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈకలు కోస్తె ఏమైతది? జుట్టు దాని నెత్తురుల ఉంటది" అంటూ దాని గుడ్లమీదే చిట్టిని పొదగేసింది. పిల్లలు ఎదుగుతుంటే ఒక్కొక్కదాని తలమీద చిన్న కుచ్చు లేచింది. అది చూపించడానికి నానమ్మ నన్ను పొద్దున్నే ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్ళేది.

ఇప్పుడు ఆ పెరడూ లేదు, నానమ్మా లేదు. ఖమ్మంలో నాది మూడో అంతస్తులో కిరాయి ఇల్లు. కోడి కెలకడానికి గుప్పెడు మట్టి లేదు.

"చెప్పమ్మా, కూరకా, విత్తనానికా?" అమ్మే ఆమె మళ్ళీ అడిగింది.

"విత్తనానికే" అన్నాను.